యవల కొలత

మే చివర్లో కనుమ మీద మంచు విరిగాక
టీకాల పెట్టె గుర్రానికి కట్టి
ఉకానాకి ఎక్కుతాను.
ఉకానా అంటే మా జార్జియన్ మాటలో వెనక.
దేని వెనక అని అడిగితే
ఒకరు కొండ వెనక అంటారు, ఒకరు దేవుడి వెనక.
సందూవా మాత్రం
"నీ దారి అయిపోయాక ఇంకో రోజు నడువు, అదే" అంటుంది.

ఇక్కడ ఇళ్ళని పొగల్లో లెక్కపెడతారు.
ఒకప్పుడు నలభై పొగలు.
ఇప్పుడు మూడు, ఎండాకాలంలో ఐదు.
సున్నం తగలని నల్లపలక బురుజులు
రాయి బరువుకే రాయి నిలబడి ఉన్నాయి.
కింది ఇంటి కప్పు పై ఇంటికి వాకిలి,
అందుకే పైవాళ్ళ పిల్లలు గెంతితే
కిందివాళ్ళ పులుసులో మట్టి.

ఈసారి గిగియా నుదురు చీలింది.
ఎవరి గొర్రె ఎవరి గడ్డి తిన్నదన్న మాట మీద
అపారెకా కొడవలి పిడితో కొట్టాడు.
అపారెకా భార్యే
తలగుడ్డ లాగి ఇద్దరి మధ్యా పడేసింది.
తలగుడ్డ నేల తాకాక ఎవడి చెయ్యీ లేవకూడదు.
గొడవ ఆగింది.
నెత్తురుకి ఆ కట్టుబాటు తెలియదు.

ఏడు కుట్లు వేశాను.
రిజిస్టర్లో రాశాను: ఐదున్నర సెంటీమీటర్లు.
"అది నీ ప్రభుత్వానికి" అంది సందూవా.
నడుముసంచిలోంచి గుప్పెడు యవలు తీసి
కనుబొమ్మ దగ్గర మొదలెట్టింది.
ఒక గింజ నిలువు, ఒక గింజ అడ్డం,
మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం,
గిగియా ఊపిరి బిగబట్టాడు, గింజ జారకుండా.
తొమ్మిది.
మూడో వంతు తీసేసింది, అది కోపం వాటా అట.
మిగిలినవి ఆరు. ఆరు ఆవులు.
అపారెకాకి ఉన్నవి నాలుగు.
గిగియా ఆలోచించి,
"ఒక్క ఆవు చాలు, మిగతాదానికి
గుడి పండగ బీరుకి కట్టెలు కొట్టమను" అన్నాడు.

ఆ గుడి వైపు ఆడవాళ్ళం పోకూడదు.
జడల బర్రె అంత రాగిబానల్లో మగవాళ్ళే బీరు కాస్తారు.
వాసనకి మాత్రం అడ్డులేదు,
అది వాగు దాటి నా దగ్గరికి వస్తుంది.

సందూవా తాత పుర్రెలు బాగుచేసేవాడు.
ఆయన ఇనప గోరు ఇంకా ఉంది, ఉన్ని గుడ్డలో.
పగిలిన ఎముక కింద మెదడు తగలకుండా
గీకి తీసేవాడట, చాలామంది బతికారట.
చేతిలో పట్టుకుని చూశాను, బరువు సరిగ్గా ఉంది.
మా నర్సింగ్ బడిలో ఈ మాట ఎవరూ చెప్పలేదు.

దిగువన రెండు వాగులు కలిసే చోట
తలుపుల్లేని రాతి గదులున్నాయి.
మహమ్మారి తగిలినవాళ్ళు
ఎవరూ పొమ్మనకుండానే నడిచి వెళ్ళి
ముందు వెళ్ళినవాళ్ళ పక్కన అరుగుమీద పడుకున్నారు.
ఒకడు పాందూరి తీసుకెళ్ళాడట,
మూడు రాత్రులు ఊరికి వినిపించిందట.
కిటికీలోంచి తొంగి చూశాను.
పళ్ళు. చాలా మంచి పళ్ళు.

యాభై రెండులో, గడ్డికోతకు ముందు,
కింద వంతెన దగ్గర లారీలు ఆగాయి.
మైదానంలో పత్తి తీసేందుకు మనుషులు కావాలన్నారు.
రాగిబానల్ని గుహలో దాచి
నలభై పొగలూ ఆర్పి దిగారు.
సందూవాకి అప్పుడు ఎనిమిదేళ్ళు.
దోమల్ని మొదట చూసింది అక్కడే.
ఇద్దరు తమ్ముళ్ళు ఆ ఉప్పునేలలోనే ఉన్నారు.
ఏడేళ్ళకి, అడగకుండా, రాత్రిళ్ళు నడిచి
నాలుగు పొగలు తిరిగొచ్చాయి.

"దానికి ఎన్ని గింజలు, అవ్వా?" అన్నాను.
యవలు ఒక్కొక్కటీ ఏరి సంచిలో వేసుకుంటూ
"మొహం మీదిదే కొలుస్తాం,
జుట్టు కిందిది లెక్కలోకి రాదు" అంది.
తన తలగుడ్డ ఒకసారి సర్దుకుంది.

నేను ధనుర్వాతం సూది తీశాను.
గిగియా చొక్కా చెయ్యి మడిచాడు.
సందూవా గబుక్కున గోడవైపు తిరిగింది.
సూదంటే భయమట.